రాయదుర్గము నుండి సైబరాబాదు దాకా

హైదరాబాదు నగరమునకు పడమట, గోలకొండ కోట దాటిన పిమ్మట, రాయదుర్గము అను ఊరున్నది. రెవెన్యూ దస్త్రములలో దానిని మూడు గ్రామములుగా వ్రాసినారు: రాయదుర్గం పాయగా, రాయదుర్గం పాన్‌మక్తా, రాయదుర్గం నౌఖాల్సా. నేడక్కడ మెట్రో రైలు ఆఖరి స్టేషను ఉన్నది. దాని చుట్టు అద్దాల గోడల మేడలు లేచినవి. ఉదయమున రైలు దిగి ఆ మేడలెక్కు యువతీయువకులలో ఈ మూడు మాటల అర్థమెరిగినవారు కొద్దిమందియే ఉందురు. అయినను తెలిసికొనుట అవసరమని మేము తలచుచున్నాము. గడచిన పాతికేండ్లలో ఈ ప్రాంతమునకు అబ్బిన సిరికి మొదటి పెట్టుబడి ఆ మాటలలోనే ఉన్నది.

పాయగా అనగా నిజాము ప్రభువు కొరకు సైన్యమును పోషించు నిమిత్తము కొన్ని గొప్ప ఉమ్రావు కుటుంబములకు ఇచ్చిన భూమి. మక్తా అనగా నిర్ణయించిన కొద్దిపాటి శిస్తుపై అనుభవించుటకు ఇచ్చిన భూమి. ఖాల్సా అనగా సర్కారు తానే నేరుగా శిస్తు వసూలు చేసికొను నేల. నౌ అనగా కొత్త. ఇవిగాక నిజాము సొంత వెచ్చములకై ప్రత్యేకించిన సర్ఫెఖాసు భూములు నగరము చుట్టు అత్రాఫ్ బల్దా జిల్లాలో విస్తారముగా ఉండెడివి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినది. 1949లో సర్ఫెఖాసు ప్రభుత్వములో విలీనమైనది. ఆ ఏటనే జాగీర్లు రద్దయినవి. 1950లో కౌలుదారీ చట్టము వచ్చి, దున్నుకొనువారికి కొంత రక్షణ కలిగించినది. అయితే నాగలి దిగని రాళ్లగుట్టలు, పశువుల మేతకు విడిచిన కంచలు, శిస్తులేని బీళ్లు చాలవరకు సర్కారు చేతిలోనే మిగిలిపోయినవి. కంచ గచ్చిబౌలి అను గ్రామము పేరు ఆ కాలపు గుర్తే.

ఆనాడు ఆ నేలపై ఎవరికిని పెద్ద ఆశ లేదు. 250 కోట్ల ఏండ్ల నాటి గ్రానైటు బండలు, వానను నమ్ముకొన్న జొన్నచేలు, ఆముదపు చేలు, గుట్టల మీద సీతాఫలపు చెట్లు, నడుమ గోలకొండ కోటకు నీరిచ్చినదని చెప్పుకొను దుర్గము చెరువు. తరువాత దాదాపు ఐదు దశాబ్దములకు కంపెనీలను పిలువదలచిన ప్రభుత్వమునకు, చేతిలో అంత నేల సిద్ధముగా ఉన్నదన్నచో, అది ఉమ్రావులు తెలియకుండ ఇచ్చిపోయిన ఆస్తి. పట్టాదారుల నుండి సేకరించిన భూమియు కొంత ఉన్నది. పాయగా, మక్తాల హక్కులను గురించిన వ్యాజ్యములు మాత్రము కోర్టులలో తరములు మారుచున్నను సాగుచునే వచ్చినవి.

ఇక దేశములు సంపన్నములైన తీరును గూర్చి రెండు మాటలు. ఈ కథను సాధారణముగా ఒక వరుసలో చెప్పుదురు: ముందు పొలము, పిదప మిల్లు, ఆ పిమ్మట ఆఫీసు. ఇంగ్లండులో 18వ శతాబ్ది చివర లాంకషైరు నూలుమిల్లులు పల్లెజనమును పట్టణములకు లాగినవి. జపానులో 1868లో మెయిజీ ప్రభుత్వము వచ్చినది. 1872లో టోమియోకాలో సర్కారువారి పట్టుమిల్లు వెలసినది. తరువాత దేశమంతట లేచిన పట్టుమిల్లులలో పనిచేసినవారు ఎక్కువగా పేదరైతుల ఆడపిల్లలు. దక్షిణ కొరియా 1962లో మొదటి పంచవర్ష ప్రణాళిక ప్రారంభించి, తొలుత బట్టలు, ప్లైవుడ్డు, తలకు పెట్టుకొను విగ్గులు ఎగుమతి చేసినది. ఉక్కు, ఓడలు ఆ తరువాతి మాట.

ఈ దేశముల మిల్లులకు గడప ఎత్తు తక్కువ. రెండు చేతులు, ప్రాథమిక పాఠశాలలో నేర్చిన నాలుగు అక్షరములు ఉన్నచో గడప దాటవచ్చును. ఆ నాలుగు అక్షరములను ప్రభుత్వములు ముందుగానే అందించినవి. జపాను విద్యాశాసనము వెలువడినది ఆ 1872లోనే. 20వ శతాబ్ది తొలి దశకము ముగియకముందే అక్కడి పిల్లలలో నూటికి తొంబదిమందికి పైగా బడిలో చేరినారు. కొరియాలో 1950 ప్రాంతమున భూసంస్కరణ జరిగి కౌలురైతు భూయజమాని అయినాడు. అతని బిడ్డ బడికి పోయినాడు. మిల్లు ఆ తరువాత వచ్చినది.

మాదాపురములో ఈ వరుస తప్పినది. జొన్నచేను తరువాత అక్కడ మిల్లు రాలేదు, ఏకముగా కంప్యూటరు వచ్చినది. దీనిని కొందరు అద్భుతమనిరి, కొందరు గాలిమేడ అనిరి. మిల్లు అసలే లేదనుట మాత్రము సరికాదు. అది నగరమునకు తూర్పున, ఉత్తరమున ఉన్నది.

నిజాము ప్రభుత్వము 1929లో పారిశ్రామిక నిధిని ఏర్పరచి, ఆ సొమ్ముతో పరిశ్రమలలో వాటాలు కొన్నది. 1934లో ఓరుగల్లులో ఆజంజాహి మిల్లు వెలసినది; బోధనులో చక్కెర కర్మాగారము లేచినది; నగరములో ముషీరాబాదు పక్కన ఆజమాబాదు పారిశ్రామికవాడ ఏర్పడినది. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత, 1960ల దశాబ్దములో, కేంద్రప్రభుత్వము వరుసగా పెద్ద కర్మాగారములను హైదరాబాదునకు తెచ్చినది. రామచంద్రాపురములో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్, బాలానగరు వైపు మందుల కర్మాగారమైన ఐ.డి.పి.ఎల్., విమానపరికరముల హెచ్.ఎ.ఎల్., 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా ఇ.సి.ఐ.ఎల్. ఈ చివరి సంస్థను స్థాపించిన అయ్యగారి సాంబశివరావుగారు పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో పుట్టి, అమెరికాలోని స్టాన్‌ఫర్డులో చదివి, హోమీ భాభా వద్ద పనిచేసినవారు. భాభా అణు పరిశోధన కేంద్రమున రూపొందిన టి.డి.సి. 12 అను కంప్యూటరును 1969లో ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసినది. హైటెక్ సిటీకి మూడు దశాబ్దముల ముందే ఈ నగరమున కంప్యూటరు తయారైనదన్నమాట. ఏ.ఎస్.రావు నగర్ అని బస్సు కండక్టరు కేక వేయునపుడు ఆ రావుగారెవరో తలచుకొనువారు అరుదు.

ఈ కర్మాగారముల లాభనష్టములను గూర్చి చాల విమర్శ ఉన్నది. అందులో కొంత న్యాయమైనదే. ఐ.డి.పి.ఎల్. పొగగొట్టము చల్లారి చాలకాలమైనది. కాని వాని అసలైన ఉత్పత్తి మనుషులు. ఐ.డి.పి.ఎల్.లో పనిచేసి మందుల తయారీ నేర్చిన అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించినారు. ఇట్లే ఎలక్ట్రానిక్స్ తెలిసినవారు, గీతలు గీయుట, లెక్కలు కట్టుట, కాలమునకు పని ముగించుట తెలిసినవారు వేలకొలది ఈ నగరములో స్థిరపడి, తమ బిడ్డలను అంతకంటె పైచదువులకు పంపినారు.

పడమటి దిక్కున మొదటి పెద్ద ఇంటిని కట్టినది రాజకీయ ఆందోళన. 1969లో తెలంగాణ ఉద్యమము, 1972లో ఆంధ్ర ఉద్యమము రాష్ట్రమును కుదిపినవి. రెండింటను ముందు నిలిచినవారు విద్యార్థులు. 1973 సెప్టెంబరులో కుదిరిన ఆరుసూత్రముల పథకములో ఒక సూత్రము, హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయము. దానికై రాజ్యాంగమును 32వ పర్యాయము సవరించినారు. 1974లో విశ్వవిద్యాలయము వచ్చి, తొలుత సరోజినీనాయుడుగారి ఇల్లయిన గోల్డెన్ త్రెషోల్డులో నడిచి, పిదప గచ్చిబౌలిలో సుమారు 2,300 ఎకరముల రాతినేలకు తరలినది. ఉద్యోగములకై పోరిన యువకులకు ఇచ్చిన ఆ బడి చుట్టునే, పాతికేండ్ల తరువాత ఉద్యోగములు మొలచినవి. ఇట్టి కాకతాళీయములు చరిత్రలో తరచుగా కనబడవు.

మూడవ పెట్టుబడి కోస్తా డెల్టాల నుండి వచ్చినది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైనవి. నీటితో వరి, వరితో మిగులు, మిగులుతో బియ్యపు మిల్లులు, పొగాకు వ్యాపారము, సినిమాలు, కాలేజీలు వచ్చినవి. ఒక తరము వడ్లమ్మిన సొమ్మును తరువాతి తరము చదువుగా మార్చుకొన్నది. 1965లో అమెరికా తన వలస చట్టమును మార్చి, తెల్లవారికే ఉన్న మొగ్గును తొలగించగా తెలుగు వైద్యులు, ఇంజనీర్లు అక్కడికి పోవుట మొదలైనది. దేశములో ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలు పెరిగినవి. వాని ఫీజులను గూర్చి 1993లో సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రసిద్ధమైన తీర్పు ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము అను వ్యాజ్యములోనిది. ఈ విషయములో మన రాష్ట్రమెంత ముందుకు పోయినదో ఆ పేరే చెప్పుచున్నది.

ఇంతలో అనుకోని గిరాకీ పుట్టినది. పాత కంప్యూటర్లు స్థలము పొదుపుకై సంవత్సరమును రెండంకెలతోనే వ్రాసికొనెడివి. 1999 పోయి 2000 వచ్చినపుడు, ఆ రెండు సున్నలను అవి 1900 అని భ్రమించు ప్రమాదమున్నది. బ్యాంకులు, విమాన సంస్థలు లక్షల వరుసల ప్రోగ్రాములను సరిదిద్దించుకొనవలసి వచ్చినది. ఆ పని ఓపికతో కూడినది, విసుగైనది. అమెరికాలో దానికి మనుషులు చాలలేదు. అమీర్‌పేటలో కోబాలు నేర్పు శిక్షణశాలల ముందు వరుసలు పెరిగినవి. పొలమమ్మి కొడుకును పంపిన రైతు కుటుంబములు గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాలలో నేటికిని కనబడును.

కాబట్టి 1998 నవంబరు 22న ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు మాదాపురములో సైబర్ టవర్స్‌ను ప్రారంభించునాటికి నేల, నేర్పు, చదువు మూడును సిద్ధముగా ఉన్నవి. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు వానిని ఒకచోట చేర్చిన మాట కాదనరానిది. 1991లో ఆర్థిక ద్వారములు తెరచిన పి.వి.నరసింహారావుగారిని మరచుటయు న్యాయము కాదు. ఘనత ఎవరిదను తగవు ఎన్నికల సభలకు వదలివేయుదము. హైటెక్ సిటీ అను పేరు హైదరాబాద్ ఇన్‌ఫర్మేషన్ టెక్నాలజీ అండ్ ఇంజనీరింగ్ కన్సల్టెన్సీ సిటీ అను పొడుగు పేరునకు పొడి అక్షరములని మాత్రము శ్రోతలకు గుర్తుచేయుదుము. ఆ ఏటనే మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రమును ఈ నగరములో పెట్టినది. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ వచ్చి చూచిపోయినాడు. 2009 జనవరి 7న సత్యం సంస్థ అధిపతి తప్పుడు లెక్కలను తానే ఒప్పుకొనగా ఈ నగర ప్రతిష్ఠకు గట్టి దెబ్బ తగిలినది. మూడు నెలలకే సంస్థ చేతులు మారి, ఉద్యోగములు చాలవరకు నిలిచినవి.

ప్రభుత్వ లెక్కల ప్రకారము 2013-14లో తెలంగాణ ప్రాంతపు సాఫ్ట్‌వేరు ఎగుమతులు 57,258 కోట్ల రూపాయలు. 2022-23 నాటికి అవి 2,41,275 కోట్లు. ఉద్యోగులు 3,23,396 నుండి 9,05,715కు పెరిగినారు. ఈ ఉద్యోగులలో స్త్రీలు గణనీయముగా ఉన్నారు. రాత్రి పదిగంటలకు పనిముగించుకొని ఒంటరిగా ఇల్లుచేరు కోడలు, జీతపు సొమ్ముతో తలిదండ్రులకు ఇల్లుకట్టించు కూతురు పాతికేండ్ల క్రిందటి తెలుగు ఇంటికి వింత, నేడు సామాన్యము. కోట్ల లెక్కల కంటె ఈ మార్పే పెద్దదని మా నమ్మకము.

భూమి కథ మరియొక మలుపు తిరిగినది. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వము వేలము వేయగా, ఒక స్థలమునకు ఎకరము 100 కోట్ల 75 లక్షల రూపాయలు పలికినది. ఒకనాడు శిస్తుకు కూడ తగదన్న నేల నేడు ఖజానాకు ఆధారమైనది. ఇట్టి ఆధారము మంచిదేనా అను ప్రశ్న 2025లో బలముగా వచ్చినది. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరముల చెట్లను తొలగింపబూనగా, విశ్వవిద్యాలయ విద్యార్థులు అడ్డుకొన్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పని ఆపుమన్నది. గుట్టలు, చెరువులు, నెమళ్లు, జింకలు గల పాత మేతబీడునకు తనదైన విలువ ఉన్నదని దేశమెల్ల అప్పుడు గమనించినది.

ఇంతవరకు చెప్పిన కథలో ఒక మనిషి రాలేదు. ఈ మేడలను కట్టిన కూలీ.

పాలమూరు కూలీ పేరు దేశములో తెలియని ఆనకట్ట లేదు. మహబూబ్‌నగరు జిల్లా వానలు నమ్మదగినవి కావు. కృష్ణ పక్కనే పారినను నీరు చేలకెక్కలేదు. గుంపు మేస్త్రీ ఊరికి వచ్చి, పండుగకో పెండ్లికో అడ్వాన్సు చేతిలో పెట్టి, కుటుంబములకు కుటుంబములను లారీలలో ఎక్కించుకొని పోవును. అడ్వాన్సు తీరువరకు పని విడువరాదు. తీరునాటికి మరల కరవు వచ్చును. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరము రాతికట్టడము. అంత రాతిని తలలమీద మోసినవారిలో పాలమూరువారు ఎందరో. ఆ సాగరము నీరు వారి పొలములకు రాలేదు. తరువాత వారే హైదరాబాదునకు వచ్చి, మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి మేడలకు పునాదులు త్రవ్వినారు. ఇటీవలి కాలమున ఒడిశా, బీహారు, జార్ఖండు కూలీలును వారితో కలిసినారు.

గడప ఎత్తు మాట ఇక్కడ వచ్చును. జపాను రైతుబిడ్డ దాటిన గడపకు నాలుగు అక్షరములు చాలినవి. సైబర్ టవర్స్ గడపకు ఇంజనీరింగు పట్టా కావలెను. 1991 జనాభా లెక్కలలో ఆంధ్రప్రదేశములో అక్షరాస్యులు నూటికి 44 మంది. మహబూబ్‌నగరు జిల్లాలో 30 మందికి కొంచెము తక్కువ. సైబర్ టవర్స్ లేచిన పదమూడేండ్లకు, 2011లో కూడ ఆ జిల్లాలో అక్షరాస్యులు నూటికి 55 మందియే. అప్పటి రాష్ట్రములో అదియే కడపటి స్థానము. నూరు కిలోమీటర్ల దూరములో రెండు శతాబ్దులు పక్కపక్కన కాపురమున్నట్లు తోచును. 2008లో వచ్చిన ఫీజుల చెల్లింపు పథకము వలన వెనుకబడిన కులముల పిల్లలు, పేదపిల్లలు పెద్దసంఖ్యలో ఇంజనీరింగు కాలేజీలకు పోయినమాట నిజము. వారిలో కొందరు ఈ గడప దాటినారు కూడ. అయితే ఆ పథకము అందుకొనుటకు ముందు పన్నెండేండ్లు బడిలో నిలువవలెను. ఇటుకబట్టీ వెంట తిరుగు పిల్లవాడు నిలువలేడు.

నేడు తెలంగాణ ఆదాయములో మూడింట రెండు వంతుల దాపున సేవారంగము నుండి వచ్చుచున్నది. పనిచేయువారిలో ఐదింట రెండు వంతులకు పైగా ఇంకను వ్యవసాయమునే పట్టుకొని ఉన్నారు. నడుమనుండవలసిన మిల్లు సన్నబడినది. పొలము విడిచినవాడు కారు నడపవచ్చును, మేడ వాకిట కాపలా కాయవచ్చును, మోటారుసైకిలు మీద భోజనము చేరవేయవచ్చును. ఇవి పనులు కావని మేమనము, కూలికంటె మెరుగైనవే. కాని పట్టుమిల్లు పిల్ల మేస్త్రీ అయినట్లు, ఉక్కు కర్మాగారములో చేరినవాడు ఫోర్‌మన్ అయినట్లు, వీనిలో పైమెట్టు కనబడదు.

ఈ గడపను తగ్గించు ప్రయత్నము కూడ ఈ నేలమీదనే జరిగినది. గచ్చిబౌలి విశ్వవిద్యాలయములో రాజనీతిశాస్త్రము బోధించిన ఆచార్య శాంతాసిన్హాగారు, చరిత్రకారులు మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేర వెలసిన ఎం.వి.ఫౌండేషన్ తరఫున, 1991లో రంగారెడ్డి జిల్లా పల్లెలలో పనిచేయుట ప్రారంభించినారు. అప్పుల క్రింద ఆసాముల వద్ద జీతముండి పశువులు కాయు బాలురను, పత్తిచేలలోను ఇండ్లలోను పనిచేయు బాలికలను విడిపించి, శిబిరములలో కొన్ని నెలలు చదివించి, వారి వయస్సునకు తగిన తరగతిలో సర్కారు బడిలో చేర్చుట ఆ సంస్థ పద్ధతి. పేదరికము పోయిన తరువాతనే పిల్లలు బడికి వత్తురని పెద్దలు చెప్పుచుండిన కాలమది. బడికి రాని ప్రతి బిడ్డయు బాలకార్మికుడేనని వారు వాదించినారు. బడికి పంపదలచని తలిదండ్రులు అరుదని ఊరూర చూపినారు. 2003లో శాంతాసిన్హాగారికి రామన్ మెగసెసే బహుమానము లభించినది. 2009లో పార్లమెంటు విద్యాహక్కు చట్టము చేయగా, 2010 ఏప్రిల్ 1 నుండి అది అమలులోనికి వచ్చినది. ఆ చట్టములో, బడి మానిన బిడ్డను వయస్సునకు తగిన తరగతిలోనే చేర్చి, వెనుకబడిన పాఠములకు ప్రత్యేక శిక్షణ ఇయ్యవలెనను నియమమొకటి ఉన్నది. కోకాపేటను దాటి శంకరపల్లి, చేవెళ్లల వైపు పోయినచో, ఆ పద్ధతిని ఇరువది ఏండ్ల ముందే ఆచరించి చూచిన రంగారెడ్డి పల్లెలు వచ్చును.